బొమ్మకు రాసిన గడువు

థియేటర్లో ఆడే ప్రతి సినిమాకూ ఈ రోజుల్లో రెండు వేళలు రాసి ఉంటాయి. ఏ తేదీన, ఏ గంటకు, ఏ నిమిషం నుంచి అది తెర మీద పడవచ్చో చెప్పేది మొదటిది. ఏ నిమిషం దాటాక పడకూడదో చెప్పేది రెండోది. హాల్లో కూర్చున్న ప్రేక్షకుడికి ఇవి కనిపించవు. పోస్టరు మీద గాని, టిక్కెట్టు మీద గాని అచ్చు కావు. ప్రొజెక్షన్ గదిలో సర్వర్ అని పిలిచే కంప్యూటరుకు చేరే ఒక చిన్న ఫైలులో మాత్రం ఉంటాయి. ఆ ఫైలును పరిశ్రమలో కేడీఎం అనీ, వాడుకలో కీ అనీ అంటారు. తాళం వేసి పంపిన చిత్రాన్ని ఫలానా సర్వర్లో, ఫలానా వేళల మధ్య మాత్రమే తెరవనిచ్చే అనుమతి పత్రం అది. చిత్రం నూట యాభై, రెండు వందల గిగాబైట్ల దాకా ఉంటే, ఈ అనుమతి కొన్ని కిలోబైట్లకు మించదు. అయినా అది లేనిదే బొమ్మ పడదు. ఏళ్ళ తరబడి వందలమంది చెమటోడ్చి తీసిన కథకు ఎక్కడో ఒక గదిలో కూర్చుని ముగింపు నిమిషాన్ని టైపు చేసే మనిషి ఒకరున్నారన్న సంగతి ఒకసారి తెలిశాక మనసును విడిచిపోదు. ఎవరా మనిషి? ఆ పనికి జీవితాన్ని ఇవ్వడమంటే దేనికి ఇవ్వడం?

తెలుగు సీమలో ఆ మనిషి తరచుగా పాతికేళ్ళు దాటీ దాటని యువకుడో యువతో అయి ఉంటారు. హైదరాబాదులోనో విజయవాడలోనో ఒక పంపిణీ సంస్థలో, లేదా థియేటర్లకు డిజిటల్ సేవలందించే కంపెనీలో ఎగ్జిక్యూటివ్ అన్న హోదాతో ఉద్యోగం మొదలవుతుంది. ప్రయోగశాల నుంచి వచ్చిన డీసీపీని, అంటే దృశ్యాన్నీ ధ్వనినీ ఉపశీర్షికలనూ విడివిడి ఫైళ్ళుగా పేర్చి ఒక్క మూటగా కట్టిన చిత్రప్రతిని, మొదట పరీక్షించాలి. అది సెన్సారు ధ్రువపత్రం పొందిన నిడివితో సరిపోతున్నదో లేదో చూడాలి. తెర కొలత స్కోపా ఫ్లాటా, ధ్వని అయిదు పాయింట్ ఒకటా అట్మాసా, భాష తెలుగా లేక అనువదించిన మరో భాషా అన్న వివరాలు ఫైలు పేరులోనే పొట్టి అక్షరాలుగా ఇమిడి ఉంటాయి గనుక ఆ పేరును తప్పు లేకుండా చదవగలగాలి. తర్వాత ఏ ఊళ్ళో ఏ థియేటరు ఖరారైందో జాబితా వస్తుంది. ఆ జాబితా గురువారం అర్ధరాత్రి దాకా మారుతూనే ఉంటుంది. ప్రతి సర్వరుకూ దానికంటూ ఒక గుర్తింపు పత్రం ఉంటుంది కాబట్టి ఒక తెరకు తయారైన కీ పక్క తెరలో పనిచేయదు. థియేటరువాళ్ళు పరికరంలో ఒక భాగం మార్చి ఆ సంగతి చెప్పకపోతే నిన్నటి కీ ఇవాళ చెల్లదు. తెల్లవారుజామున మొదటి ఆటకు జనం గేటు దగ్గర కాగితాలు చింపి సిద్ధంగా ఉన్న వేళ, ఎక్కడో ఒక పట్టణంలో ఆపరేటరు ఫోను చేసి సర్వరు ఎర్ర గీత చూపిస్తున్నదని చెబితే, ఆ ఎర్ర గీతకు అర్థమేమిటో రెండు నిమిషాల్లో చెప్పగలగడమే ఈ ఉద్యోగపు తొలి పరీక్ష.

ఈ పని విలువను తూచాలంటే దీనికి ముందున్న పనిని తలచుకోక తప్పదు. ముప్పై అయిదు మిల్లీమీటర్ల ఫిల్ము సెకనుకు ఇరవై నాలుగు చట్రాల వేగంతో, నిమిషానికి 90 అడుగుల చొప్పున కదులుతుంది. రెండున్నర గంటల చిత్రమంటే 13,500 అడుగులు, అంటే నాలుగు కిలోమీటర్లు దాటిన ఫిల్ము. దాన్ని రీళ్ళుగా చుట్టి, రేకు పెట్టెల్లో సర్ది, బాక్సు అన్న పేరుతో రైళ్ళలోనూ బస్సుల టాపుల మీదా పంపేవారు. మద్రాసు ల్యాబుల నుంచి వచ్చిన బాక్సులు విజయవాడ గాంధీనగర్‌లోని పంపిణీ కార్యాలయాలకు చేరి, అక్కడి నుంచి కోస్తా ఊళ్ళన్నిటికీ వెళ్ళేవి. పూర్ణా, నవయుగ, లక్ష్మీ వంటి సంస్థల పేర్లు చిత్రం మొదలవడానికి ముందు తెర మీద కనిపించి, ప్రేక్షకుడికి నటీనటుల పేర్లంత పరిచితమయ్యాయి. బాక్సు వెంట రెప్రజెంటేటివ్ అనే మనిషి వెళ్ళేవాడు. థియేటరు గుమాస్తా పక్కన కూర్చుని తెగిన టిక్కెట్లు లెక్కగట్టి, రోజువారీ వసూళ్ళ పట్టీ అయిన డీసీఆర్ మీద సంతకం పెట్టించుకుని, ఆట ముగిశాక ఆ ఊళ్ళోనే లాడ్జిలో పడుకునేవాడు. అతని చదువు ఎంతైనా కావచ్చు, అతనికి ఊరు తెలిసేది. సంత ఏ వారమో, పంట చేతికొచ్చేది ఏ నెలలోనో, ఏ థియేటరు యజమాని లెక్క సరిగా చూపిస్తాడో, ఎవరి దగ్గర రెండోసారి లెక్కపెట్టుకోవాలో తెలిసేది.

ఆ రోజుల్లో సినిమాకు వయసు దూరాన్ని బట్టి వచ్చేది. పెద్ద పట్టణాలు ఏ సెంటర్లు, చిన్న పట్టణాలు బీ సెంటర్లు, పల్లెలూ టూరింగు టాకీసులూ సీ సెంటర్లు. ప్రింట్లు కొద్దిగా ఉండేవి కాబట్టి చిత్రం మొదట పెద్ద ఊళ్ళలో ఆడి, నెలలు గడిచాక చిన్న ఊళ్ళకు దిగేది. దానికి గడువు రాసినవారెవరూ లేరు. ఫిల్ము అరిగిపోయేదాకా, అంచుల రంధ్రాలు చిరిగిపోయేదాకా, అడిగిన ఊరు ఉన్నంతకాలం అది తిరుగుతూనే ఉండేది. ఈ దృశ్యాన్ని తలచుకుంటే ముచ్చటేస్తుంది గాని, ఆ ముచ్చటను నమ్మవచ్చా? పల్లె ప్రేక్షకుడికి చేరిన ప్రింటు గీతలతో నిండి, మాటలు తడబడి, కొన్ని చోట్ల పాటలే లేకుండా ఉండేది. రాత్రి ఆట త్వరగా ముగించాలనుకున్న ఆపరేటరు ఒక రీలు తప్పించినా అడిగే దిక్కు ఉండేది కాదు. విజయవాడలో చూసినదీ, మారుమూల ఊళ్ళో చూసినదీ ఒకే చిత్రమని చెప్పడం సగం అబద్ధం. నేడు ఒక చిన్న పట్టణపు థియేటర్లో పడే మొదటి ఆటలోనూ, యాభయ్యో రోజు ఆటలోనూ, మహానగరపు మల్టీప్లెక్సులోనూ ఒకే ఫైలు, ఒకే నిడివి, గీత లేని ఒకే దృశ్యం. ఊరికీ ఊరికీ మధ్య ఉన్న ఆ తక్కువ ఎక్కువలను చెరిపినవారిలో, పేరు తెలియని ఈ డిజిటల్ ఉద్యోగికీ వాటా ఉంది. దాన్ని గుర్తించకుండా పాత బాక్సు మీద బెంగ పెట్టుకోవడం న్యాయం కాదు.

మార్పు వచ్చిన తీరు కూడా గమనించదగినదే. 1999లో ‘స్టార్ వార్స్’ కొత్త భాగాన్ని న్యూయార్క్, లాస్ ఏంజెలిస్ ప్రాంతాల్లోని నాలుగు తెరల మీద ఫిల్ము లేకుండా ప్రదర్శించారు. 2002లో ఏడు హాలీవుడ్ స్టూడియోలు కలిసి డీసీఐ అనే ఉమ్మడి వేదికను ఏర్పరచుకుని, 2005 జూలైలో డిజిటల్ ప్రదర్శనకు ఒక నిర్దేశికను వెలువరించాయి; దృశ్యం ఎన్ని బిందువులతో ఉండాలి, తాళం ఎంత గట్టిగా ఉండాలి, తాళంచెవి ఎలా ప్రయాణించాలి అన్నవన్నీ అందులో ఉన్నాయి. అదే కాలంలో చెన్నైకి చెందిన రియల్ ఇమేజ్ సంస్థ క్యూబ్ పద్ధతితోనూ, ముంబయికి చెందిన యూఎఫ్ఓ సంస్థ ఉపగ్రహం ద్వారా చిత్రాలను థియేటర్లకు చేరవేసే పద్ధతితోనూ రంగంలోకి దిగాయి. హాలీవుడ్ కొలతకు సరిపడే ఖరీదైన యంత్రాలు చిన్న ఊళ్ళ థియేటర్లకు అందుబాటులో లేవు కాబట్టి, దానికంటే తేలికైన, చౌకైన ఏర్పాటు ఒకటి ఈ దేశంలో వేళ్ళూనుకుంది; విదేశీ స్టూడియోలు దాన్ని ఒప్పుకోకపోయినా తెలుగు, తమిళ ప్రేక్షకులకు అదే కొత్త సినిమాను తొలి రోజునే చూపించింది. పదేళ్ళు తిరిగేసరికి ప్రింట్లు తీసే ల్యాబుల్లో పని ఆగిపోయింది. ఫ్యూజీ సంస్థ 2013లో సినిమా ఫిల్ము తయారీని మానుకుంది. తరాల పాటు నేర్చుకున్న ఒక నైపుణ్యం ఇంత తక్కువ కాలంలో అక్కరకు రాకుండా పోవడం చరిత్రలో తరచుగా జరగదు. అందుకే ఈ కొత్త ఉద్యోగికి ముందు వరుసలో గురువంటూ లేడు. బాక్సులు పంపిన పెద్దవారికి సర్వరు భాష తెలియదు, సర్వరు తెచ్చిన ఇంజనీరుకు డీసీఆర్ భాష తెలియదు; ఆ రెండిటి నడుమ నిలబడి తన వృత్తిని తానే కల్పించుకోవలసి వచ్చింది.

విచిత్రమేమిటంటే, దూరం చెరిగిపోయినా పాత పటం చెరగలేదు. ఈ ఉద్యోగి ప్రతి వారం తెరిచే పట్టికలో నేటికీ నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, తూర్పు, పశ్చిమ, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అన్న ఏరియాలే ఉంటాయి. నైజాం సంస్థానం భారతదేశంలో కలిసి డెబ్బై అయిదేళ్ళు దాటింది. 1800లో నిజాం ఆంగ్లేయులకు అప్పగించిన జిల్లాలను సీడెడ్ అనడం పరిపాలనలో ఏనాడో ఆగిపోయింది. అయినా వసూళ్ళ లెక్కలో ఆ సరిహద్దులు చెక్కుచెదరలేదు. ఫైలుకు సరిహద్దులతో పనేముంది, ఒక్క చోటు నుంచి ప్రపంచమంతటికీ పంపవచ్చు గదా అన్న ప్రశ్న కొత్తగా చేరినవారికి సహజంగానే కలుగుతుంది. జవాబు పట్టిక చూస్తున్న కొద్దీ మెల్లగా తెలుస్తుంది. ఆ ఏరియాలు దారులను బట్టి గాక డబ్బునూ మనుషులనూ బట్టి ఏర్పడినవి. ఒక జిల్లాలోని థియేటర్ల యజమానులు ఎవరి మాట వింటారో, ఎవరికి అడ్వాన్సు ఇచ్చి ఉన్నారో, ఏ హీరోకు ఏ నది ఒడ్డున బలగమెక్కువో తెలిసిన పంపిణీదారు ఆ ఏరియాను కొంటాడు. మినిమమ్ గ్యారంటీ, అంటే లాభమొచ్చినా నష్టమొచ్చినా నిర్మాతకు ఇంత కడతానని ముందే ఒప్పుకునే బేరం, అటువంటి స్థానిక జ్ఞానం మీదే నిలుస్తుంది. సాంకేతికత చేరవేతను మార్చింది గాని బేరాన్ని మార్చలేదు. ఫైళ్ళు పంపడంతోనే తన పని పూర్తయిందనుకున్న ఉద్యోగి ఆపరేషన్స్ గదిలోనే ఉండిపోతాడు. పట్టికలోని ప్రతి గడి వెనుక ఒక ఊరుందని గ్రహించినవాడు రేపటి పంపిణీదారు అవుతాడు.

మారినది ఇంకొకటి ఉంది, అది కాలం. ప్రింటుకు వేలకు వేలు ఖర్చయ్యే రోజుల్లో ఏ నిర్మాతయినా ఆచితూచి ప్రింట్లు తీయించేవాడు. నకలుకు ఖర్చు తగ్గిన మరుక్షణం అన్ని తెరల మీదా ఒకేసారి వేయడం లాభసాటి అయింది. 2015 జూలైలో ‘బాహుబలి’ మొదటి భాగం వేల తెరల మీద ఒక్క రోజున విడుదలైంది. వంద రోజుల పండుగల స్థానంలో మొదటి మూడు రోజుల లెక్క వచ్చింది. శుక్రవారం మొదటి ఆట ముగిసేసరికే సినిమా తలరాత తేలిపోతున్నది. దీని ప్రభావం ఈ వృత్తిలోని మనిషి జీవితం మీద ఎలా పడుతుందో ఆలోచించినవారు తక్కువ. రెప్రజెంటేటివ్ ఒక చిత్రంతో నెలలు గడిపేవాడు, దానితో పాటు ఊళ్ళు తిరిగి, అది ముసలిదవడం చూసేవాడు. ఈ తరం ఉద్యోగికి చిత్రంతో సహవాసం గురువారం రాత్రి పతాకస్థాయికి చేరి, సోమవారానికల్లా చల్లబడిపోతుంది. వెంటనే మరో చిత్రం వచ్చి అదే పట్టికను నింపుతుంది. సంక్రాంతి, వేసవి, దసరా అతనికి పండుగలుగా మిగలవు, సెలవు లేని వారాలవుతాయి. ఇన్ని వందల చిత్రాలను జనానికి చేర్చినవాడు వాటిలో ఎన్నిటిని నిదానంగా కూర్చుని చూశాడు? పని బాగా జరిగిన రోజున అతని ఉనికి ఎవరికీ తెలియదు. తెలిసిందంటే ఎక్కడో ఆట ఆగినట్లే. ఇటువంటి అదృశ్య శ్రమలో గర్వానికి ఆధారం దేన్ని చేసుకోవాలి?

బహుశా నమ్మకాన్నే చేసుకోవాలేమో. కానీ ఇక్కడే ఈ వృత్తిలోని చిక్కుముడి ఉంది. పాత పద్ధతిలో అపనమ్మకం మనిషి రూపంలో ఉండేది. టిక్కెట్లు లెక్కించడానికి వచ్చిన రెప్రజెంటేటివ్ మీద థియేటరువారికి అనుమానం, వారి మీద అతనికి అనుమానం, అయినా ఇద్దరూ ఒకే టీ కొట్టు దగ్గర నిలబడేవారు. కొత్త పద్ధతిలో అపనమ్మకం గణితంగా మారి తాళంలో ఇమిడిపోయింది. సర్వరు ప్రతి ఆటనూ నమోదు చేస్తుంది కాబట్టి దొంగ ఆట వేయడం కష్టం, ప్రతి చట్రంలో కంటికి కనిపించని గుర్తు ఉంటుంది కాబట్టి ఎవరైనా కెమెరాతో దొంగతనంగా తీస్తే అది ఏ తెర మీద ఏ వేళ జరిగిందో కనిపెట్టవచ్చు. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ఇటువంటి దొంగతనానికి మూడు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలుశిక్ష, కనీసం మూడు లక్షల జరిమానా నిర్దేశించింది. అయినా ఎంత గట్టి తాళమైనా దాన్ని వేసే చేయి కంటే గట్టిది కాదు. 2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ చిత్రంలో దాదాపు సగం విడుదలకు ముందే బయటికి పొక్కిపోగా, నిర్మాత విడుదలను ముందుకు జరిపి ఆ నెల 27న థియేటర్లకు తీసుకురావలసి వచ్చింది. తాళం పడకముందు, పడిన తర్వాత కూడా చిత్రం కొందరు యువ ఉద్యోగుల నిజాయితీ చేతుల్లోనే ఉంటుంది; ఒక పెద్ద చిత్రపు ప్రతి తమ బల్ల మీద ఉండగా స్నేహితుల బతిమాలాటకు లొంగకుండా నిలబడటం వారి రోజువారీ వ్రతం, దానికి సన్మానాలు జరగవు.

అదే తాళం అప్పులవారి చేతి ఆయుధమూ అయింది. సినిమా నిర్మాణం వడ్డీ మీద నడుస్తుంది. బాకీ తేలకపోతే విడుదల ఆపడానికి ఒకప్పుడు ల్యాబులో ప్రింట్లు ఆపించవలసి వచ్చేది, నేడు కీ ఆపితే చాలు. 2017 ఏప్రిల్ 28న ‘బాహుబలి’ రెండో భాగం విడుదలైన ఉదయాన తమిళనాడులో డబ్బు లెక్కలు తేలక తొలి ఆటలు రద్దయ్యాయి. తేలాక పగటి ఆటలు మొదలయ్యాయి. అంతటి చిత్రానికే తప్పని గండం చిన్న చిత్రాలకు ఎన్నిసార్లు ఎదురవుతుందో ఊహించవచ్చు. అటువంటి రాత్రుల్లో కీలు తయారు చేసి, పంపకుండా, పై నుంచి మాట కోసం ఎదురుచూస్తూ కూర్చునే ఉద్యోగి స్థితి ఏమిటి? ఒక వైపు లెక్కల పెద్దలు, మరో వైపు గేటు దగ్గర జనం, ఇంకో వైపు ఏమీ తెలియని ఆపరేటరు. నిర్ణయం అతనిది కాదు, జవాబు చెప్పవలసింది మాత్రం అతనే. అటువంటప్పుడు అబద్ధం చెప్పకుండా, ఎవరి గుట్టూ బయటపెట్టకుండా, ఆట ఆలస్యమవుతుందన్న ఒక్క నిజాన్ని మర్యాదగా చెప్పడం నేర్చుకున్నవాడు ఈ రంగంలో నిలుస్తాడు. అది ఏ శిక్షణ తరగతిలోనూ దొరికే విద్య కాదు.

డబ్బు మాట వచ్చింది కాబట్టి వీపీఎఫ్ గురించి చెప్పుకోవాలి. థియేటరులో డిజిటల్ యంత్రం పెట్టిన సంస్థకు, ప్రింటు ఖర్చు తప్పినందుకు బదులుగా, ప్రతి విడుదలకు నిర్మాత లేదా పంపిణీదారు చెల్లించే రుసుము అది. యంత్రపు ఖరీదు తీరేదాకా చెల్లించాలన్న ఆలోచనతో అమెరికాలో మొదలై ఇక్కడికీ వచ్చింది. యంత్రాల ధర ఏనాడో రాబట్టుకున్నారు గదా, ఇంకా ఎంతకాలమని దక్షిణాది నిర్మాతలు నిలదీసి, 2018 మార్చి 2 నుంచి కొత్త చిత్రాల ప్రదర్శన ఆపివేశారు. తెలుగు థియేటర్లు కొద్ది రోజులకే తెరుచుకున్నాయి, తమిళనాట ఆ పోరు ఏప్రిల్ దాకా సాగింది. పెద్ద చిత్రానికి ఈ రుసుము లెక్కలోకి రాదు. రెండు మూడు కోట్లలో తీసిన చిత్రానికి, అది ఎన్ని తెరల మీద పడాలో నిర్ణయించేది ఇటువంటి ఖర్చులే. డిజిటల్ సినిమా అందరికీ తలుపులు తెరుస్తుందని తొలినాళ్ళలో కలిగిన ఆశ ఎంతవరకు నెరవేరింది? నకలు చౌకైంది, కాని తెరలు పెరగలేదు. చౌకైన నకళ్ళతో పెద్ద చిత్రం అన్ని తెరలనూ నింపేస్తే చిన్న చిత్రానికి ఉదయపు ఆట ఒక్కటే మిగులుతుంది. ఏ చిన్న చిత్రం ఎక్కడ నిలదొక్కుకుంటున్నదో అందరికంటే ముందు తెలిసేది పట్టిక ముందున్న ఈ యువ ఉద్యోగికే. శనివారం సాయంత్రం ఏదో ఊళ్ళో ఆ చిత్రానికి సీట్లు నిండుతున్నాయని గమనించి, అక్కడ ఒక ఆట పెంచమని పై వారికి గట్టిగా చెప్పగల ధైర్యం ఆ హోదాకు ఉండాలి. అదొక్కటి చేసినా అతని వృత్తి కళకు సేవ చేసినట్లే.

సముద్రం దాటితే ఈ పనికి మరో ముఖముంది. అమెరికాలో తెలుగు చిత్రాలు ఇక్కడికంటే ముందు రోజు సాయంత్రం ప్రీమియర్లుగా పడతాయి. కీలో రాసే వేళకు గడియారపు తేడా కలపాలి. సంక్రాంతి చిత్రానికి న్యూయార్క్ పదిన్నర గంటలు వెనుక, వేసవి చిత్రానికి తొమ్మిదిన్నర గంటలే వెనుక, అరిజోనాలో మాత్రం ఏడాది పొడుగునా గడియారాన్ని మార్చరు. ఈ చిన్న లెక్క తప్పితే వందల మైళ్ళు కారులో వచ్చిన కుటుంబాలు తెర వైపు చూస్తూ కూర్చోవలసి వస్తుంది. చివరి నిమిషం దాకా ఇక్కడ నేపథ్య సంగీతం కూర్పు సాగుతుండగా, అక్కడ హార్డు డిస్కులు పట్టుకుని విమానాశ్రయాలకూ థియేటర్లకూ మధ్య పరుగులు తీసిన తెలుగు యువకుల శ్రమతోనే ఆ విపణి పెరిగింది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పుట్టిన పిల్లలు నిండిన హాల్లో కూర్చుని తాతల భాషను వినే అవకాశం, మరో అర్ధగోళంలో నిద్ర మానుకుని తేదీలు సరిచూసుకున్న మనిషి వల్ల కలుగుతున్నది. భాష బతకడానికి కవులూ పండితులూ ఎంత అవసరమో, దాన్ని వేళకు చేరవేసేవారూ అంతే అవసరం గదా.

ఇటీవలి ఏళ్ళలో ఈ వృత్తి మరో మలుపు తిరిగింది. 2020లో థియేటర్లు మూతపడినప్పుడు ‘వి’ వంటి చిత్రాలు నేరుగా ఓటీటీ వేదికల ద్వారా ఇళ్ళకు చేరాయి. అదే ఏడాది తెలుగుకే ప్రత్యేకంగా ఆహా వేదిక ఆరంభమైంది. థియేటరు విడుదలకూ ఇంటి తెర విడుదలకూ మధ్య ఎన్ని వారాల ఎడం ఉండాలన్నది పెద్ద వివాదమై, 2022 ఆగస్టు 1 నుంచి నిర్మాతలు షూటింగులు ఆపి చర్చించుకున్న విషయాల్లో ఒకటయింది. పంపిణీలో ఆరితేరిన యువత చాలామంది ఈ వేదికల వైపు వెళుతున్నారు. అక్కడ పని మరింత నిశ్శబ్దమైనది. ఉపశీర్షికల ఫైళ్ళు, ధ్వని పొరలు, చిత్రవివరాల పట్టికలు, హక్కులు ఏ దేశంలో ఏ తేదీ దాకా ఉన్నాయన్న ఒప్పందాలు చూసుకోవాలి. అక్కడా గడువే ఏలుతుంది. ఒప్పందం ముగిసిన రాత్రి చిత్రం జాబితా నుంచి మాయమవుతుంది. థియేటరు వైపు చూసినా, ఇంటి వైపు చూసినా ఈ వృత్తి మొత్తం ఎప్పుడు మొదలు, ఎప్పుడు ముగింపు అన్న రెండు తేదీల చుట్టూనే తిరుగుతున్నది. ఒకప్పటి పంపిణీదారు వస్తువును మోసేవాడు. ఈనాటి పంపిణీదారు కాలాన్ని పంచుతున్నాడు.

కాలాన్ని పంచేవారు కాలానికి జవాబుదారీ కూడా వహించాలి గదా అన్న ఆలోచన ఇక్కడ బలంగా కలుగుతుంది. తెలుగువారి తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో విడుదలైంది. దాన్ని చూపించి జనం చేత డబ్బు కట్టించుకున్న ప్రతులు ఎన్నో ఊళ్ళు తిరిగి ఉంటాయి, నేడు చూడటానికి ఒక్కటీ లేదు. పుణెలో జాతీయ చలనచిత్ర భాండాగారం 1964లో గాని ఏర్పడలేదు. ఏర్పడ్డాక కూడా 2003 జనవరిలో జరిగిన అగ్నిప్రమాదంలో పాత నైట్రేట్ ఫిల్ములు ఎన్నో కాలిపోయాయి. డిజిటల్ యుగంలో ఆ భయం తీరిందనుకోవడం పొరపాటు. అమెరికన్ చలనచిత్ర అకాడమీ 2007లో వెలువరించిన నివేదిక, ఒక చిత్రపు ఫిల్ము మూలప్రతిని ఏడాది పాటు భద్రపరచడానికి 1,059 డాలర్లు, డిజిటల్ మూలప్రతిని భద్రపరచడానికి 12,514 డాలర్లు ఖర్చవుతాయని లెక్కగట్టింది. హార్డు డిస్కులు వాడకుండా ఉంచినా పాడవుతాయి, టేపులను చదివే యంత్రాలు కొన్ని తరాలు దాటగానే పాతవాటిని చదవవు. అన్నిటికంటే ముఖ్యంగా, థియేటర్లకు పంపిన వేలాది ప్రతులకు తాళం వేసి ఉంది. అరిగిపోయిన ప్రింటు ఒకటి ఏ మూల గోదాములోనో దొరికితే ఈనాటికీ దీపం ముందు పెట్టి చూడవచ్చు. గడువు తీరిన డీసీపీ వెయ్యి చోట్ల దొరికినా, తాళంచెవి లేకపోతే అందులో ఒక్క బొమ్మ కూడా కనిపించదు. ఇన్ని నకళ్ళున్న యుగంలో చిత్రం అసలే మిగలకుండా పోవడం సాధ్యమేనన్నది ఎంత కలవరపెట్టే సంగతి!

ఒక చిన్న చిత్రం విడుదలై వారంలో వెళ్ళిపోయి, నిర్మాత నష్టపోయి ఊరు మారి, సంస్థ మూతపడిన తర్వాత, ఆ చిత్రపు తాళం లేని మూలప్రతి ఏ డిస్కులో ఏ పేరుతో ఉన్నదో, సెన్సారు తర్వాత కత్తిరించిన కూర్పు ఏదో, విడుదలైన మూడో రోజున మార్చిన రీలు ఏదో తెలిసినవారు ఎవరు మిగులుతారు? దర్శకుడికి కూడా తెలియకపోవచ్చు. డీసీపీ పేరును అక్షరం అక్షరం సరిచూసిన యువ ఉద్యోగికి తెలుస్తుంది. అందువల్ల ఈ వృత్తిని వేగంతో మాత్రమే కొలవడం దాన్ని తక్కువ చేయడమే. ఎన్ని తెరలకు, ఎంత తొందరగా, ఎంత భద్రంగా చేర్చాడన్నది అతని జీతాన్ని నిర్ణయిస్తుంది, నిర్ణయించవలసిందే. కాని ఇరవై ఏళ్ళ తర్వాత ఎవరైనా ఆ చిత్రాన్ని చూడాలని అడిగితే తెరవడానికి వీలైన ప్రతి ఒకటి ఉన్నదా లేదా అన్నది అతని వృత్తి ధర్మాన్ని నిర్ణయిస్తుంది. పంపిణీ సంస్థలు ఆ బాధ్యతను హోదాలోనే చేర్చి, అందుకు వేళనూ డబ్బునూ కేటాయించాలి. ప్రతి విడుదల ముగిశాక తాళం లేని ప్రతి ఒకటి, దాని వివరాల పత్రంతో సహా, నిర్మాతకూ భాండాగారానికీ చేరే ఆచారం ఏర్పడాలి. ఇది గొప్ప యంత్రాలు అడిగే పని కాదు, పట్టికలో మరో వరుస చేర్చి దాన్ని నింపేదాకా చిత్రాన్ని ముగిసినదిగా గుర్తించకపోతే చాలు. కొత్తగా ఈ రంగంలో అడుగుపెట్టే యువత ముగింపు నిమిషాన్ని రాయడం మొదటి వారంలోనే నేర్చుకుంటుంది. ఆ నిమిషానికి లొంగని ప్రతిని ఒకటి నిలపడం కూడా అదే వారంలో నేర్పగలిగితే, తెలుగు సినిమా తన తొలి టాకీ విషయంలో పడిన వెలితిని ఈ తరం చిత్రాల విషయంలో మళ్ళీ పడనవసరం ఉండదు.